పైకప్పు లేనివారి కరెంటు బిల్లు: ఐరోపా ఇంధన అధికారులకు ఒక అద్దెదారు బహిరంగ లేఖ

ఐరోపా కమిషన్ ఇంధన విభాగం అధికారులకు,
సభ్య దేశాల ఇంధన మంత్రులకు, విద్యుత్ నియంత్రణ సంస్థల అధిపతులకు,

విషయం: పునరుత్పాదక విద్యుత్ ప్రోత్సాహకాల భారం మోస్తున్న అద్దెదారులకు, చిన్న మదుపరులకు వాటి ఫలంలోనూ వాటా కల్పించడం గురించి.

ఆర్యా,

నేను పదకొండేళ్లుగా జర్మనీలో ఉంటున్న తెలుగువాణ్ని. వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజనీరును. నలుగురున్న మా కుటుంబం ఒక పాత భవనం మూడో అంతస్తులో అద్దెకు ఉంటోంది. ఈ లేఖలోని విషయాన్నే గత ఏడాది కాలంలో జర్మన్‌లో మూడుసార్లు, ఇంగ్లిష్‌లో ఒకసారి వేర్వేరు కార్యాలయాలకు రాసుకున్నాను. ఒకరు ఇది తమ పరిధిలోనిది కాదన్నారు. మరొకరు ఉత్తరం అందిందని కంప్యూటర్ పంపే రెండు వాక్యాలతో సరిపెట్టారు. మిగిలిన ఇద్దరి నుంచి అదీ లేదు. అందువల్ల ఇప్పుడు నా భాషలో, అందరూ చదివేలా రాస్తున్నాను. జర్మనీ, ఐర్లండ్, నెదర్లాండ్స్, స్వీడన్ దేశాలకు చదువుల కోసం, ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాల్లో చాలామంది అద్దె ఇళ్లలోనే ఉంటారు. నెలనెలా తప్పకుండా కరెంటు బిల్లు కడతారు గానీ, ఆ బిల్లులోని పద్దుల్లో ఏది ఏ చట్టం వల్ల వచ్చిందో వారికి చెప్పినవారు లేరు. వారు దీన్ని చదివి, తాముంటున్న దేశపు భాషలో మీకు మళ్లీ రాస్తారని నా ఆశ.

నేను పునరుత్పాదక విద్యుత్తుకు వ్యతిరేకిని కానని ముందే మనవి చేస్తున్నాను. 2001లో ఈ విషయంలో తొలి ఆదేశం (సభ్య దేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవలసిన ఉత్తర్వు) తెచ్చిన ఐరోపా సమాఖ్య, 2020 నాటికి మొత్తం ఇంధన వినియోగంలో 20 శాతం పునరుత్పాదక వనరుల నుంచే రావాలని 2009లో నిర్ణయించుకుని, గడువు నాటికి 22.1 శాతం సాధించింది. 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని 2018లో 32 శాతంగా, 2023లో 42.5 శాతంగా సవరించుకుంది. ఇది చిన్న విషయం కాదు, అందుకు మీకు అభినందనలు. నా అభ్యంతరం లక్ష్యం మీద కాదు, దాన్ని చేరుకోవడానికి మీరు ఎంచుకున్న సాధనాల మీద. స్థిర కొనుగోలు ధర, సర్‌చార్జి, వేలం, పన్ను మినహాయింపు, గ్రీన్ ధ్రువపత్రం, వీటిలో ఏది తీసుకున్నా దానికి డబ్బు కట్టేవారు కొందరుంటారు, ఆ డబ్బు అందుకునేవారు కొందరుంటారు. ఎన్ని మెగావాట్లు వచ్చాయన్న లెక్క మీ నివేదికలన్నిటిలో కనిపిస్తుంది. ఎవరు కట్టారు, ఎవరికి అందింది అన్న లెక్క మాత్రం వెతుక్కోవాలి. ఆ లెక్క నాకు తెలిసినంత మేరకు ఇక్కడ పెడుతున్నాను.

1. జర్మనీ 2000 ఏప్రిల్ 1న అమల్లోకి తెచ్చిన పునరుత్పాదక ఇంధన చట్టం, సోలార్ పలకలు పెట్టుకున్నవారికి ఇరవై ఏళ్లపాటు యూనిట్‌కు ఇంత అని స్థిరమైన ధర హామీ ఇచ్చింది. 2004లో సొంత ఇంటి పైకప్పు మీద చిన్న ప్లాంటు పెట్టుకున్నవారికి ఆ ధర యూనిట్‌కు 57.4 సెంట్లు. ఆ ధరకూ మార్కెట్లో కరెంటు పలికే ధరకూ మధ్య ఉన్న తేడాను ఖజానా నుంచి ఇవ్వలేదు, వినియోగదారులందరి బిల్లుల్లో ఒక పద్దుగా వేసి వసూలు చేశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకు ట్రూఅప్ చార్జీల సంగతి వివరించనక్కర్లేదు. ఇదీ ఇంచుమించు ఆ కోవలోదే, కాకపోతే ఇరవై ఏళ్లకు పైగా ఆగకుండా సాగింది. 2017లో ఈ పద్దు యూనిట్‌కు 6.88 సెంట్లకు చేరింది. ఏడాదికి 3,500 యూనిట్లు వాడే కుటుంబానికి అది 240 యూరోలు, దాని మీద 19 శాతం విలువ ఆధారిత పన్ను కూడా కలిపితే 286 యూరోలు. అదే కాలంలో, విదేశీ పోటీకి నిలవలేమని చెప్పుకున్న రెండు వేలకు పైగా భారీ వినియోగ సంస్థలకు ఈ పద్దులో పెద్ద రాయితీ దక్కింది. అవి కట్టని మొత్తం మిగిలినవారి బిల్లుల్లోకి చేరింది.

ఆ డబ్బు వృథా అయిందని నేను అనను. జర్మనీలోని సామాన్య వినియోగదారులు కట్టిన ఆ సెంట్లే ప్రపంచమంతటా సోలార్ పలకల ఉత్పత్తి పెరగడానికీ, ధర పడిపోవడానికీ పునాది వేశాయి. 2017 ఏప్రిల్‌లో మా కడప సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలు పలికినప్పుడు, అందులో ఇక్కడి అద్దెదారుల పాత బిల్లుల పాత్ర కూడా కొంత ఉందని నాకు అనిపించింది. ఆ మేలు చేసినవారిలో అత్యధికులకు సొంత పైకప్పే లేదన్నది నేను చెప్పదలచిన సంగతి. జర్మనీ జనాభాలో సగానికి పైగా అద్దె ఇళ్లలో ఉంటారు. ఐరోపా సమాఖ్యలో సొంత ఇంటివారి శాతం అతి తక్కువగా ఉన్నది ఇక్కడే. సొంత ఇల్లు గలవారు ఆ పద్దులో కొంత కట్టి, స్థిర ధర రూపంలో తిరిగి అందుకునే వీలుండింది. అద్దెదారులకు మిగిలింది కట్టడం ఒక్కటే.

ఈ పద్దును 2022 జూలై 1న సున్నా చేసి, ఖర్చును ప్రభుత్వ నిధికి మార్చారు. మంచి నిర్ణయం, ఆలస్యంగానైనా తీసుకున్నారు. అయితే భారం పూర్తిగా పోలేదు, ఇప్పుడు నెట్‌వర్క్ చార్జీలో, అంటే కరెంటు లైన్ల ఖర్చు కింద వేసే పద్దులో, కనిపిస్తోంది. మా తాజా బిల్లులో యూనిట్ ధరలో నాలుగో వంతుకు పైగా ఆ చార్జీయే ఉంది. గాలి బాగా వీచే ఉత్తర ప్రాంతాల నుంచి పరిశ్రమలున్న దక్షిణానికి కరెంటు తేవడానికి లైన్లు కావాలి. అవి సకాలంలో పూర్తి కాక, ఒకచోట గాలిమరలను ఆపి మరోచోట వేరే విద్యుత్ కేంద్రాన్ని నడిపించే ఖర్చు ఏటా వందల కోట్ల యూరోలు అవుతోంది. తమ పైకప్పు కరెంటు తామే వాడుకునేవారు ఆ యూనిట్ల మీద నెట్‌వర్క్ చార్జీ కట్టరు. లైన్ల ఖర్చు మాత్రం తగ్గదు కనుక, ఆ మేరకు మిగిలినవారి మీద పడుతుంది.

2. ఇక అద్దెదారు తనంతట తాను ఏమైనా చేయాలనుకుంటే ఏమవుతుందో చెబుతాను, ఇది నా అనుభవం. బాల్కనీ కమ్మీలకు రెండు సోలార్ పలకలు బిగించి, చిన్న ఇన్వర్టర్ ద్వారా గోడ ప్లగ్గులో కలుపుకునే పద్ధతి జర్మనీలో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇన్వర్టర్ 800 వాట్ల వరకూ ఉండవచ్చునని, ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు చేస్తే చాలునని, వెనక్కి తిరిగే పాత మీటరు ఉన్నా కొత్తది వచ్చేదాకా ఆగనక్కర్లేదని 2024 మే నెలలో చట్టం చేశారు. 2024 అక్టోబర్ 17 నుంచి, తగిన కారణం లేకుండా ఇంటి యజమాని దీనికి నిరాకరించరాదని మరో చట్టం వచ్చింది. చదివి సంతోషించాను. రెండు పలకలు, ఇన్వర్టర్, బిగించే సామాను కలిపి కొన్ని వందల యూరోలకు కొన్నాను. దక్షిణ ముఖంగా, నీడ లేకుండా ఉన్న బాల్కనీలో ఇవి ఏడాదికి 500 నుంచి 800 యూనిట్ల వరకూ ఇవ్వగలవు.

డిసెంబర్‌లో మా భవన నిర్వహణ సంస్థకు అర్జీ పెట్టాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం, ఇలాంటివి ఊరూరా ఉన్నాయి. ఆరు వారాల తర్వాత జవాబు వచ్చింది. బాల్కనీ కమ్మీలు ఆ బరువును, గాలి ఒత్తిడిని మోయగలవని లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో ధ్రువపత్రం కావాలన్నారు. బీమా పత్రం కావాలన్నారు. భవనం ముఖభాగం రంగుకు పలకల రంగు నప్పుతుందని చూపే ఫొటో నమూనా కావాలన్నారు. బీమా పత్రం, ఫొటో ఇచ్చాను. ఇంజనీరును అడిగితే, ఆయన చెప్పిన ఫీజు నేను కొన్న సామాను మొత్తం ధర కన్నా ఎక్కువ. బరువు వివరాలతో తయారీదారు ఇచ్చిన పత్రం సరిపోతుందా అని అడుగుతూ మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నిరాకరిస్తే కోర్టుకు వెళ్లవచ్చు. వాళ్లు నిరాకరించలేదు, ఒప్పుకోనూ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టుంది వ్యవహారం. ఆ రెండు పలకలు ఇప్పటికీ సెల్లార్‌లో మా పిల్లల సైకిళ్ల పక్కన గోడకు ఆనించి ఉన్నాయి. మూలలకు చుట్టిన అట్టముక్కలు కూడా విప్పలేదు. వాటికి రెండడుగుల దూరంలో, నల్లటి పెట్టెలో, మా ఇంటి మీటరు పళ్లెం తిరుగుతూనే ఉంది.

ఇది నా ఒక్కడి సమస్య అయితే లేఖ రాసేవాణ్ని కాను. జర్మనీలో నమోదైన బాల్కనీ ప్లాంట్లు 2025లో పది లక్షలు దాటాయి. అంటే సామాన్యులకు ఉత్సాహం లేక కాదు. అనుమతికి గడువు పెట్టని హక్కు, అవతలివాడు మౌనంగా ఉంటే చాలు, చెల్లకుండా పోతోంది.

3. పైకప్పు లేనివారికి మరో దారిగా మీరే ఒక మంచి ఏర్పాటు చేశారు. 2018 నాటి ఆదేశం, పొరుగువారు కలిసి పునరుత్పాదక ఇంధన సంఘంగా ఏర్పడి, తాము ఉత్పత్తి చేసిన కరెంటును తమలో తాము పంచుకునే హక్కు కల్పించింది. 2021 జూన్ 30 లోగా సభ్య దేశాలు దాన్ని తమ చట్టాల్లో చేర్చాల్సి ఉండింది. ఆస్ట్రియా ఆ ఏడాది జూలైలోనే చట్టం చేసింది. ఒకే వీధి ట్రాన్స్‌ఫార్మర్ పరిధిలో పంచుకునే కరెంటుకు నెట్‌వర్క్ చార్జీలో 57 శాతం తగ్గింపు కూడా ఇచ్చింది. ఇందులో న్యాయం ఉంది, ఎందుకంటే ఆ కరెంటు వందల కిలోమీటర్ల లైన్లు వాడుకోవడం లేదు. పక్కింటి పాఠశాల పైకప్పు మీది కరెంటు మా వంటింటికి వస్తుంది, అంతే. చాలా దేశాలు ఈ హక్కును కాగితం మీద రాసుకుని, అమలుకు కావాల్సిన లెక్కల విధానం, మీటర్లు, చార్జీల తగ్గింపు మాత్రం వదిలేశాయి. విద్యుత్ మార్కెట్ సంస్కరణలో భాగంగా 2024లో మీరు ఈ పంపకం హక్కును మళ్లీ చట్టంలో రాసి, 2026 జూలై 17 గడువు పెట్టారు. మొదటి గడువు ఏమైందో చూసినవారికి రెండోదాని మీద నమ్మకం కుదరడం కష్టం.

అనుమతుల విషయంలోనూ ఇదే జరిగింది. పునరుత్పాదక ప్రాజెక్టులకు అనుమతులు త్వరగా ఇవ్వాలన్న నిబంధనలను 2024 జూలై 1 లోగా తమ చట్టాల్లో చేర్చాల్సి ఉండగా, ఆ పని పూర్తి చేసినట్టు తెలియజేసింది డెన్మార్క్ ఒక్కటే. మిగిలిన 26 దేశాల మీదా కమిషన్ సెప్టెంబర్‌లో ఉల్లంఘన చర్యలు మొదలుపెట్టవలసి వచ్చింది.

మీటర్ల సంగతి కూడా చెప్పాలి. 2024లో జర్మనీలో కరెంటు టోకు ధర సున్నా కన్నా దిగువకు పోయిన గంటలు 457. ఎండ, గాలి కలిసొచ్చిన మధ్యాహ్నాల్లో కరెంటు తీసుకున్నవాడికే ఎదురు డబ్బిచ్చే పరిస్థితి. అదే మధ్యాహ్నం మా ఇంట్లో వాషింగ్ మెషీన్ వేసుకుంటే మేం కట్టే ధర మాత్రం రాత్రి ఎనిమిదింటికి కట్టేదే. గంటగంటకూ మారే ధర పథకాన్ని సరఫరాదారులందరూ ఇవ్వాలని 2025 జనవరి నుంచి జర్మనీలో నిబంధన ఉంది. అది వాడుకోవాలంటే స్మార్ట్ మీటరు కావాలి. వినియోగదారుడు అడిగిన నాలుగు నెలల్లో పెట్టాలని చట్టం చెబుతోంది. నేను అడిగి ఏడు నెలలైంది. మా ప్రాంతపు మీటర్ల సంస్థ వారు తేదీ చెప్పలేమంటున్నారు. గడువు దాటినందుకు వారికి ఏ నష్టమూ లేదు, బిల్లు మాత్రం నాకు ఏ నెలా ఆలస్యం కాలేదు.

4. ప్రభుత్వం ఇచ్చిన మాట నమ్మి పొదుపు సొమ్ము పెట్టిన చిన్నవారి సంగతి ఇంకా బాధాకరం. స్పెయిన్ 2007లో ఒక డిక్రీ ద్వారా సోలార్ కరెంటుకు ఆకర్షణీయమైన ధర ప్రకటించింది. ఎండ మీ సొంతం కూడా కావచ్చునని ప్రభుత్వ ప్రచార పత్రాలే చెప్పాయి. రైతులు, ఉపాధ్యాయులు, పదవీ విరమణకు దగ్గరపడినవారు ఇల్లు కుదువబెట్టి అప్పు తెచ్చి, సోలార్ తోటల్లో చిన్న చిన్న వాటాలు కొన్నారు. 2008 ఒక్క ఏడాదిలో అక్కడ సుమారు 2,600 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు వచ్చాయి. ప్రభుత్వం ఊహించినదానికి ఇది ఎన్నో రెట్లు. కరెంటు ధరలను రాజకీయంగా అదుపులో ఉంచుతూ, లోటును ఏటా పుస్తకాల్లో మోసుకొస్తున్న దేశం అది. లోటు పెరిగాక, 2010లో డబ్బిచ్చే గంటల మీద పరిమితి పెట్టారు, 2012లో కొత్త ప్లాంట్లకు ప్రోత్సాహం నిలిపేశారు, 2013లో పాత ప్లాంట్ల ధర హామీనే రద్దు చేసి 'సముచిత రాబడి' అనే కొత్త లెక్క తెచ్చారు. ఆ రాబడి పన్నులకు ముందు 7.398 శాతం అని తేల్చారు. అంకె చూస్తే తక్కువేం కాదనిపిస్తుంది. పాత ధరను నమ్మి బ్యాంకు కిస్తీలు రాసిచ్చినవారికి మాత్రం ఆ కిస్తీలకు సరిపోయే ఆదాయం రాలేదు. వేల కుటుంబాలు అప్పుల కాలపరిమితి పొడిగించుకుని, తోటలో వచ్చినదంతా బ్యాంకుకే కట్టాయి.

ఆ తర్వాత జరిగింది చూడండి. విదేశీ మదుపు సంస్థలు ఇంధన చార్టర్ ఒప్పందం కింద అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానాలకు వెళ్లాయి. స్పెయిన్ మీద పదుల సంఖ్యలో కేసులు వేసి, అనేకం గెలిచాయి. స్పెయిన్ పౌరుడైన చిన్న మదుపరికి ఆ తలుపు తెరుచుకోలేదు, ఎందుకంటే ఆ ఒప్పందం విదేశీయులకే. స్వదేశీ కోర్టులు ప్రభుత్వం వైపే మొగ్గాయి. ఒకే డిక్రీ, ఒకే ఎండ. లండన్‌లోనో లక్సెంబర్గ్‌లోనో నమోదైన నిధికి ఒక న్యాయం, అదే తోటలో పలకలున్న పల్లెటూరి ఉపాధ్యాయుడికి మరొకటి. చెక్ రిపబ్లిక్ కూడా తన సోలార్ ఉరవడి తర్వాత, 2011 నుంచి ఆ ఆదాయం మీద 26 శాతం లెవీ వేసింది.

ఇది ఐరోపాకే పరిమితమైన జబ్బు కాదని ఒప్పుకుంటాను. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడబోయింది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని చెప్పింది. అక్కడ కోర్టుకెక్కినవి పెద్ద కంపెనీలు, వాటికి న్యాయవాదులున్నారు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివాడిని ఎవరు కాపాడాలన్నదే నా ప్రశ్న. ఇచ్చిన మద్దతును తర్వాత తగ్గించి ప్రాజెక్టును దెబ్బతీయరాదని మీ 2018 ఆదేశం ఆరో అధికరణం చెబుతోంది. ఆ రక్షణ స్పెయిన్ కుటుంబాలకు పదేళ్ల ముందు ఉండవలసింది.

5. లెక్క సరిగా వేయని సాధనం ఎంత చేటు చేస్తుందో చెప్పడానికి ఉత్తర ఐర్లండ్ చాలు. 2012 నవంబర్‌లో అక్కడ పునరుత్పాదక ఉష్ణ ప్రోత్సాహక పథకం మొదలైంది. చెక్క గుళికలు కాల్చే బాయిలర్ పెట్టుకుంటే, ఉత్పత్తి చేసిన వేడికి యూనిట్ల లెక్కన డబ్బిచ్చేవారు. ఇచ్చే డబ్బు ఇంధనం ఖర్చు కన్నా ఎక్కువగా ఉంది. బ్రిటన్‌లోని మాతృక పథకంలో కొంత వాడకం దాటాక ధర తగ్గే శ్రేణి ఉంది, ఇక్కడ దాన్ని వదిలేశారు. ఇంకేముంది, ఎంత కాలిస్తే అంత లాభం. ఖాళీ షెడ్లను కూడా వేడి చేస్తున్నారని ఫిర్యాదులొచ్చాయి. 2016 ఫిబ్రవరిలో పథకం మూసేశారు. ఈ వివాదం ముదిరి, 2017 జనవరిలో ఉప ప్రథమ మంత్రి మార్టిన్ మెక్‌గిన్నెస్ రాజీనామాతో ప్రభుత్వమే కూలి, మూడేళ్లపాటు ఆ ప్రాంతానికి మంత్రివర్గమే లేకుండా పోయింది. ఆ మూడేళ్లలో ఆసుపత్రుల సంస్కరణలు, బడ్జెట్లు ఆగిపోయి ఇబ్బంది పడ్డది బాయిలర్ల యజమానులు కాదు. పర్యావరణం పేరు చెప్పి గాలిలోకి పొగ వదలడానికి జనం సొమ్ము ఇచ్చిన పథకం ఇది.

తక్కువ ధరకు కరెంటు ఇస్తామన్నవారికే మద్దతు ఇచ్చే వేలాలు పెడితే ఇలాంటివి జరగవని అంటారు. కొంతవరకు నిజమే, ధరలు బాగా తగ్గాయి. 2017లో జర్మనీ గాలిమరల వేలాల్లో పౌర సంఘాలకు ప్రత్యేక వెసులుబాటు ఇచ్చినప్పుడు ఏమైందో గుర్తుచేస్తాను. అనుమతులు లేకుండానే బిడ్ వేయవచ్చు, నిర్మాణానికి ఎక్కువ గడువు ఉంటుంది అన్నారు. ఆ ఏడాది సామర్థ్యంలో 90 శాతానికి పైగా పౌర సంఘాలే గెలిచాయి. వాటిలో చాలావాటి వెనుక ఉన్నవి వృత్తిరీత్యా ప్రాజెక్టులు కట్టే కంపెనీలే. నిబంధనకు సరిపోయేలా స్థానికుల పేర్లతో సంఘం కట్టి బిడ్ వేశాయి. నిర్మించవలసిన మరల్లో చాలా భాగం నిర్మించనేలేదు, కొత్త మరలు తగ్గిపోయి ఆ రంగంలో ఉద్యోగాలు పోయాయి. మరుసటి ఏడాదే ఆ వెసులుబాటును నిలిపేశారు. దాంతో నష్టపోయింది నిజమైన పౌర సంఘాలు.

6. మరలు తిరిగే నేల గురించి. నార్వే మీ సభ్య దేశం కాదు, అయినా అక్కడి ఫోసెన్ ఉదాహరణ మీకు అవసరం. ఆ ద్వీపకల్పంలో 151 గాలిమరలకు ఇచ్చిన లైసెన్సులు, రెయిన్‌డీర్ మేపుకునే సామి అనే ఆదివాసీ ప్రజల హక్కులకు భంగకరమని 2021 అక్టోబర్‌లో నార్వే సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే మరలన్నీ తిరుగుతున్నాయి. తీర్పు వచ్చాకా తిరుగుతూనే ఉన్నాయి. పరిహారం ఒప్పందాలు కుదరడానికి మరో రెండేళ్లకు పైగా పట్టింది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత మీరు పునరుత్పాదక ప్రాజెక్టులను 'ప్రజా ప్రయోజనం దృష్ట్యా అత్యంత ముఖ్యమైనవి' అని ప్రకటించి, ప్రత్యేక ప్రాంతాల్లో ఏడాదిలోపే అనుమతి ఇవ్వాలన్నారు. వేగం అవసరమే. కాని ముందు కట్టేసి తర్వాత మాట్లాడుకుందాం అంటే, ఫోసెన్‌లో జరిగినదే మళ్లీ జరుగుతుంది.

దీనికి విరుగుడు మీ దగ్గరే ఉంది. కోపెన్‌హాగెన్ రేవు ముందు సముద్రంలో మిడెల్‌గ్రుండెన్ అనే చోట ఇరవై గాలిమరలు పెట్టారు, మొత్తం 40 మెగావాట్లు. వాటిలో సగం ఎనిమిది వేలకు పైగా సభ్యులున్న ఒక సహకార సంఘానివి. ఇంటి కిటికీలోంచి కనబడే మర తిరిగితే తమకూ నాలుగు డబ్బులు వస్తాయని ఆ నగరవాసులకు తెలుసు. 2009 నుంచి డెన్మార్క్‌లో కొత్త గాలిమరల ప్రాజెక్టులో కనీసం 20 శాతం వాటాను స్థానికులకు, నాలుగున్నర కిలోమీటర్ల లోపు నివసించేవారికి మొదట అమ్మజూపాలన్న నిబంధన ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. తీసేయడానికి బదులు, అమల్లో ఉన్న చిక్కులు సరిచేసి ఐరోపా అంతటా విస్తరించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

7. చివరిది చిన్నది. నా బిల్లు మీద 'నూరు శాతం గ్రీన్ కరెంటు' అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంటుంది. నా గోడ ప్లగ్గులోకి వచ్చేది అందరికీ వచ్చే కరెంటే. పునరుత్పాదక కేంద్రంలో పుట్టిన ఒక్కో మెగావాట్ అవర్‌కు, అంటే వెయ్యి యూనిట్లకు, ఒక్కో 'మూల ధ్రువపత్రం' ఇస్తారు. అది కరెంటుతో సంబంధం లేకుండా విడిగా అమ్ముడవుతుంది. నార్వేలో దశాబ్దాల కింద కట్టిన జలవిద్యుత్ కేంద్రం పత్రాన్ని నా సరఫరాదారు కొంటే, ఆకుపచ్చ అక్షరాలు అచ్చువేయవచ్చు. అందువల్ల కొత్తగా ఒక్క మర కూడా రానక్కర్లేదు. నేను నెలకు కొన్ని యూరోలు అదనంగా కడుతున్నది ఎందుకో ఆ బిల్లులో ఎక్కడా లేదు.

పై కారణాల దృష్ట్యా మీ ముందు ఉంచుతున్న కోరికలు ఇవి. వీటిలో కొత్త డబ్బు అడిగేది ఏదీ లేదు.

అద్దెదారు బాల్కనీ ప్లాంటుకు అర్జీ పెట్టిన అరవై రోజుల్లో రాతపూర్వకంగా కారణాలతో నిరాకరించకపోతే, అనుమతి ఇచ్చినట్టే పరిగణించాలి. తయారీదారు ఇచ్చే బరువు, బిగింపు పత్రాన్ని మించి యజమాని వేరే ధ్రువపత్రం కోరితే, దాని ఖర్చు యజమానే భరించాలి.

కరెంటు పంపకం హక్కును 2026 జూలై 17 నాటికి అన్ని సభ్య దేశాలూ అమలు చేయాలి. చట్టం చేయడం అమలు కాదు. లెక్కల విధానం నడవాలి, ఆస్ట్రియాలోలాగా దగ్గరి పంపకానికి నెట్‌వర్క్ చార్జీ తగ్గాలి. గడువు దాటిన దేశాల మీద చర్యలకు ఏళ్లు పట్టకూడదు.

స్మార్ట్ మీటరు గడువు దాటిన ప్రతి నెలకూ వినియోగదారుడి బిల్లులో నిర్ణీత మొత్తం దానంతట అదే తగ్గాలి. దీనికోసం మళ్లీ అర్జీ పెట్టమనకండి.

కొత్త ప్రోత్సాహక పథకానికి ఆమోదం ఇచ్చే ముందు, సొంత ఇంటివారు, అద్దెదారులు, చిన్న వ్యాపారులు, భారీ పరిశ్రమలు ఒక్కొక్కరు ఎంత కడతారో, ఎంత అందుకుంటారో చూపే పట్టికను సభ్య దేశం ప్రచురించాలి. వాడకం పెరిగేకొద్దీ ధర తగ్గే శ్రేణి, మొత్తం ఖర్చుకు పరిమితి లేని పథకానికి ఆమోదం ఇవ్వరాదు.

ఆరో అధికరణం రక్షణ నిర్ణీత పరిమాణం లోపు ఉన్న చిన్న మదుపరులకు ఖర్చు లేకుండా అందేలా, ప్రతి దేశంలో ఒక విచారణాధికారిని నియమించాలి. స్పెయిన్‌లో 2013కు ముందు పెట్టుబడి పెట్టిన కుటుంబాల విషయం ఆ అధికారి ముందుకు మొదట రావాలి.

గాలిమరలు, పెద్ద సోలార్ ప్లాంట్ల చుట్టుపక్కల నివసించేవారికి, వారు సొంత ఇంటివారైనా అద్దెదారులైనా, వాటా కొనే మొదటి హక్కు ఇవ్వాలి. కొనే స్తోమత లేనివారి కోసం ఆ ఆదాయంలో కొంత భాగం స్థానిక సంస్థకు చేరాలి.

గ్రీన్ కరెంటు అని అచ్చువేసే బిల్లు మీద, ఆ ధ్రువపత్రం ఏ దేశంలో, ఏ సంవత్సరంలో కట్టిన కేంద్రానిదో కూడా అచ్చు వేయాలి.

ఈ లేఖ జర్మన్ ప్రతిని ఇదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మూడు నెలల్లోగా రాతపూర్వక సమాధానం కోరుతున్నాను. అది రాకపోతే ఐరోపా పార్లమెంటు పిటిషన్ల కమిటీకి వెళ్తాను. ఐరోపా సమాఖ్య పౌరులకే కాకుండా, సభ్య దేశంలో నివాసముంటున్న ఎవరికైనా అక్కడ పిటిషన్ పెట్టుకునే హక్కు ఉంది. ఈ సంగతి తెలియని తెలుగువారు ఇక్కడ చాలామంది ఉన్నారు, వారికోసమే దీన్ని ఇక్కడ రాస్తున్నాను. పిటిషన్ మీద సంతకం చేయదలచినవారు తమ కరెంటు బిల్లులో నెట్‌వర్క్ చార్జీ పద్దు ఎంతో చూసి, ఆ అంకెను కూడా రాసి పంపగలరు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక అద్దెదారు,
మూడో అంతస్తు, జర్మనీ